పొట్టి నందివర్ధనం, ఒక మెమో

ఆకుకి తెల్లటి అంచుండి, మోకాలి ఎత్తు దాటని పొట్టి మొక్కని నర్సరీలో చూసి ముచ్చటపడి, బేరమాడి, రిక్షాలో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే ఈ నాలుగు మాటలు మీకోసమే. ఆరు నెలల్లో అది ఎండిపోయిందా? దిగులుపడకండి. మీరు ఒక్క మొక్కని పాడుచేశారు. నేను మూడు వందల మొక్కల్ని ఒకేసారి, శాస్త్రప్రకారం, ఫైల్లో సంతకాలు పెట్టి మరీ పాడుచేశాను. అందుకు నాకు మెచ్చుకోలు కూడా దక్కింది. మొక్కలతోపాటు పాడైనది ఇంకొకటుంది. అసలు దాని గురించి చెప్పడానికే కూర్చున్నాను.

తోటల విభాగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "మీ రోజుల్లో అంతా పద్ధతిగా ఉండేది కదండీ" అంటారు. ఉండేది నాయనా. తప్పు చేసినా కార్బన్ పేపరు పెట్టి మూడు ప్రతుల్లో చేసేవాళ్లం.

ఎనభైల తొలిరోజులు. విశాఖపట్నంలో హార్బరు దాటి గాజువాక వైపు వెళ్తుంటే ఒక పెద్ద ఫ్యాక్టరీ కడుతున్నారు. పేరు చెప్పను, దాని పింఛనే ఇప్పటికీ తింటున్నాను. ఫ్యాక్టరీ అంటే అప్పటికి పునాదులు, క్రేన్లు, లారీలు, ఎర్రమట్టి. తయారైన సరుకు ఒక్కటీ లేదు. కానీ చిహ్నం మాత్రం తయారైపోయింది: తెల్లటి పళ్లచక్రం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. మా సోమలింగం అప్పటికే జీపుల తలుపుల మీదా, టీ కప్పుల మీదా, లెటరు కాగితాల మీదా దర్జాగా తిరిగేస్తున్నాడు.

నాకప్పుడు ఇరవయ్యేడేళ్లు. చేతిలో వ్యవసాయ డిప్లొమా, గోపాలపట్నంలో అద్దె గది, రోజూ సైకిలు ప్రయాణం. ఉద్యోగం పేరు హార్టికల్చర్ సూపర్‌వైజర్. రెండేళ్ల ప్రొబేషను. ప్రొబేషనులో ఉన్నవాడికి వెన్నెముక ఇవ్వరనీ, కన్ఫర్మేషన్ ఆర్డరుతోపాటు స్టోర్సులోంచి ఇస్తారనీ మా స్టోర్స్ గుమాస్తా అనేవాడు. అతనిదీ మా విజయనగరం వైపే. చుట్టరికం ఏమీ లేకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్లం.

మా పైన ఎస్టేట్ ఆఫీసరుగారు. క్వార్టర్ల కేటాయింపు, కుళాయిలు, దోమల మందు, తోటలు అన్నీ ఆయన కిందే. మొక్కల్లో ఆయనకి గులాబీ తెలుసు, గులాబీ కానిదీ తెలుసు. ఆ రెండో రకంలో చిన్న చిన్న తేడాలుంటాయని మేము చెబితే వినేవారు కాదు. ఆయన ఒకసారి పనిమీద బెంగుళూరు వెళ్లి, అక్కడేదో బంగళా ముందు తెల్లమచ్చల ఆకుల పొట్టి నందివర్ధనం చూశారు. మామూలు నందివర్ధనం మీకందరికీ తెలిసిందే. నీళ్లు పోసినా పొయ్యకపోయినా, మేక కొరికినా పిల్లలు విరిచినా, గోడవార పడి పెరిగి దేవుడికి పూలిస్తుంది. దానికి ఆకుల్లో తెల్లదనం వచ్చి, పొట్టిదైపోయిన చెల్లెలు ఇది. ఆయన దాన్ని చూసి వచ్చి మమ్మల్ని పిలిచారు.

"గెస్ట్‌హౌస్ ముందున్న పచ్చిక మీద మన చక్రం వెయ్యాలయ్యా. ఈ తెల్ల మొక్కలతో. పై వరండాలో చైర్మన్‌గారు కాఫీ తాగుతూ కిందికి చూస్తే చక్రం కనపడాలి. పచ్చ మీద తెలుపు. ఎలా ఉంటుంది?"

"బాగుంటుంది సార్" అన్నాను. ప్రొబేషనులో ఉన్నవాడికి ఈ వాక్యం కంఠతా వచ్చి ఉండాలి.

కార్తీకమాసంలో లారీలో నాలుగు వందల మొక్కలు దిగాయి. వాటిని చక్రంగా నాటి, చక్రాన్ని నాలుగు పావులు చేసి, పావుకో మనిషిని పెట్టాను. ఆ నలుగురిలో ఒకావిడ గురించి చెప్పాలి. పరవాడ అవతల ఊరు. భూమి ఫ్యాక్టరీ కిందికి పోయింది. నలభై దాటిన మనిషి, భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు. తమ పొలం ఉన్నచోటే రోజుకూలీగా మస్టర్లో పేరు రాయించుకుని, గట్లు తెగ్గొట్టిన నేలమీద గులాబీలకి పాదులు తీసేది. అందరూ ఆవిణ్ని అక్క వరసలో అప్పా అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. భూములు పోయినవాళ్లలో కొందరిని పర్మినెంటు చేస్తారని ఏడేళ్లుగా చెబుతున్నారు. ఆ ఏడాది నిజంగానే జాబితా తయారవుతోంది. మా విభాగంలోంచి ఇద్దరికి అవకాశం. పని సంతృప్తికరం అని సూపర్‌వైజర్ ఒక కాగితం రాస్తే చాలు. అంటే ఆవిడ జీవితం ఇరవయ్యేడేళ్ల డిప్లొమా చేతిలో పడిందన్నమాట.

లారీలోంచి మొక్కలు దించుతూ ఆవిడ ఒక ఆకుని వేళ్లతో నిమిరి చూసింది.

"బాబూ, ఈటికి కామెర్లా ఏటి?"

"కామెర్లు కాదప్పా. వాటి జాతే అది."

"జాతే రోగమైతే మరి మందేటి ఎత్తావు?"

నేను నవ్వాను. చదువుకున్నవాడు నవ్వాల్సిన పద్ధతిలోనే నవ్వాను. ఆ ఒక్క ప్రశ్నలో ఈ మొక్కల శాస్త్రమంతా ఉందని తెలియడానికి నాకు అయిదు నెలలు పట్టింది.

సంగతి ఇదీ. ఆకులో పచ్చగా ఉన్న భాగమే వంట చేస్తుంది. తెల్లగా ఉన్న భాగం ముస్తాబై కూర్చుని తింటుంది. వండేది ఒకరు, తినేవాళ్లు నలుగురు అయిన ఇల్లు ఎలా ఉంటుందో మీకు తెలుసు. అందులోనూ మొక్క పొట్టిది, ఆకులే తక్కువ, ఉన్న ఆకుల్లో సగం పెద్దమనుషులు. ఎండలో పెడితే ఆ తెల్లటి అంచు మాడుతుంది. నీడలో పెడితే మొక్కకి వెలుగు చాలక తెలుపు తగ్గించుకుని పచ్చబడిపోతుంది. ఇక మా ఊరి ఆతిథ్యం వేరే. సముద్రం మీంచి ఉప్పుగాలి, హార్బరు వైపు నుంచి ఖనిజం గుట్టల ఎర్రధూళి. పొద్దున్న ఆరేసిన తెల్లచొక్కా మధ్యాహ్నానికి కాషాయం పుచ్చుకునే ఊరు మాది. ఆ కాస్త పచ్చదనం మీద కూడా ధూళి పడితే పొయ్యిలో నీళ్లు పోసినట్టే. బెంగుళూరు చల్లదనంలో పెరిగిన సుకుమారాన్ని తెచ్చి ఇక్కడ చక్రంలా పడుకోమంటే ఎలా పడుకుంటుంది?

మార్గశిరం వచ్చేసరికి అంచులు మాడాయి, ఆకులు రాలాయి. చక్రం బట్టతలలా తయారైంది. ఆఫీసరుగారు రోజూ సాయంత్రం జీపు ఆపి, దిగకుండానే, "ఏమయ్యా, ఏం చేస్తున్నావు?" అనేవారు. నేను పుస్తకం తీశాను. మొక్క నీరసంగా ఉంటే నత్రజని ఇవ్వాలని పుస్తకంలో ఉంది. యూరియా వేశాను. వారం ఆగి మళ్లీ వేశాను.

ఫలితం కనపడింది. మాఘం చివరికల్లా మొదళ్ల దగ్గర్నుంచి చిగుళ్లు లేచాయి. మామూలు చిగుళ్లా అవి! వేలంత లావు, నిగనిగలాడే పచ్చదనం, మచ్చన్నది లేదు. రోజుకింత చొప్పున ఎగబాకుతున్నాయి. ఆఫీసరుగారు ఆ రోజు జీపులోంచి దిగారు. నా భుజం తట్టి, "శభాష్, కోలుకున్నాయయ్యా!" అన్నారు. నేను ఆ రాత్రి మా నాన్నకి కార్డు రాశాను, పైవాళ్లు నా పని గుర్తించారని.

ఆ పచ్చచిగురు కోలుకున్న మొక్క కాదు. అది పాత నందివర్ధనం. ఈ మచ్చల మొక్కలు ఒకప్పుడు ఏ పచ్చ మొక్కలోంచి తేడాపడి పుట్టాయో, ఆ పచ్చరకం లోపల దాక్కునే ఉంటుంది. సందు దొరికితే తిరిగొస్తుంది. ఆకంతా వంట చేసేదే కాబట్టి బలంగా ఎదిగి, వేళ్లు తెచ్చిన తిండంతా తనే లాక్కుని, పక్కనున్న తెల్లకొమ్మని మాడ్చేస్తుంది. దాన్ని కనపడగానే మొదలంటా తీసెయ్యాలి. నేను దానికి యూరియా పెట్టి పెంచాను. పేనుకి పెత్తనమిస్తే తలంతా కొరికిందంటారు. నేను పెత్తనంతోపాటు పథ్యం భోజనం కూడా పెట్టాను.

ఫాల్గుణంలో ఒక పొద్దున్న చూసేసరికి, తూర్పు పావులో అప్ప కూర్చుని చిన్న కొడవలితో ఆ పచ్చచిగుళ్లని మొదలంటా కోసి తట్టలో వేస్తోంది. తట్ట సగం నిండింది. ఆ పావులో మొక్కలు పొట్టిగా, పల్చగా ఉన్నాయి. మిగతా మూడు పావులు ఏపుగా, ఆఫీసరుగారి మనసులా పచ్చగా ఉన్నాయి.

"అప్పా! ఏం చేస్తున్నావు? మతుండే చేస్తున్నావా?"

ఆవిడ లేవలేదు. ఇంకో చిగురు కోసింది.

"కేళీలు ఏరతన్నాను బాబూ."

విత్తనం కోసం పెంచే వరిచేలో వేరే రకం మొక్కలు కొన్ని మొలుస్తాయి. వాటిని కేళీలంటారు. వెన్ను తీసే ముందే రైతు చేలో దిగి వాటిని ఏరి పారేస్తాడు, లేకపోతే విత్తనం కల్తీ అయిపోతుంది. ఇది నేను డిప్లొమాలో మూడు మార్కుల ప్రశ్నకి జవాబుగా రాశాను కూడా.

"వరిచేనుకీ దీనికీ పోలికేంటి? మంచి చిగుళ్లు, ఆరోగ్యంగా ఉన్నవి కోసేస్తావా?"

"ఆరోగ్యంగా ఉన్నాదనే కోత్తన్నాను. కేళీ ఎప్పుడూ అలగే ఉంటాది బాబూ. అన్నిటికంటే ముందు లెగుస్తాది, అన్నిటికంటే పచ్చగుంటాది. దాన్ని ఒగ్గీసేవంటే పంట నీది గాదు. నువ్వు తెల్లాకు కావాలన్నావా, పచ్చాకు కావాలన్నావా?"

"ఎవరు చెప్పారు నీకు కొయ్యమని?"

"సెప్పడానికేటున్నాది? సేయి సెప్తాది."

పక్క పావుల్లో పనివాళ్లు ముగ్గురూ తలెత్తి చూస్తున్నారు. అదీ అసలు సంగతి. నలుగురి ముందు ఒక మస్టరు కూలీ నన్ను తెలుపా పచ్చా అని అడిగింది. జవాబు నాకు తెలియలేదు. జవాబు తెలియని చోట మా ఉద్యోగాల్లో ఒక పరికరం ఉంటుంది, దాని పేరు మెమో.

ఆ మధ్యాహ్నమే రాశాను. నా జీవితంలో అంత మంచి భాష మళ్లీ రాయలేదు. "ఆరోగ్యవంతమైన చిగుళ్లను ఉద్దేశపూర్వకంగా తుంచివేసి, సంస్థ ఆస్తికి నష్టం కలిగించుటయే గాక, పై అధికారి ఆదేశాలను ధిక్కరించినందున" అంటూ సాగింది. మూడు ప్రతులు. ఒకటి ఆఫీసరుగారికి, ఒకటి ఫైలుకి, ఒకటి ఆవిడకి. ఆవిణ్ని గెస్ట్‌హౌస్ నుంచి తీసేసి కాంపౌండు గోడవార కలుపు పనికి మార్చాను. మెమో అందజేసి వేలిముద్ర తీసుకునే పని మా స్టోర్స్ గుమాస్తా బావది.

సాయంత్రం క్యాంటీన్లో బావ టీ గ్లాసు నా ముందు పెట్టి అన్నాడు. "ఏటి బావా, అంత కాయితం రాసీసావు? దాని పేరు లిస్టులో ఉన్నాది కదా."

"డిసిప్లిన్ ఉండాలి కదా బావా."

"ఉండాల ఉండాల. లిస్టు ఎల్లేదాకా ఆగీసుంటే డిసిప్లిన్ ఏటి, పారిపోతాదా?"

నేను వినిపించుకోలేదు. అతను ఇంకా ఏదో చెప్పబోయి ఆగాడు. ఆ చెప్పబోయింది ఏమిటో తర్వాత తెలిసింది.

మూడు వారాలకి, చైత్రంలో, చైర్మన్‌గారు వచ్చారు. ఆ వారమంతా మేము చేసిన పనులు చెబితే మీరు నమ్మరు. రోడ్డు పక్క రాళ్లకి సున్నం వేశాం. ఎర్రధూళి పోవడానికి ఫైరింజను తెప్పించి మొక్కలకి స్నానం చేయించాం. ఆకుల్ని గుడ్డతో తుడిచాం. ఇంత చేసినా ఎవరమూ పైవరండా ఎక్కి కిందికి చూడలేదు. కిందినుంచి చూస్తే అంతా గుబురుగా, బ్రహ్మాండంగానే ఉంది మరి.

పొద్దున్న తొమ్మిదింటికి వరండాలో కాఫీ. చైర్మన్‌గారు సన్నగా, తెల్లజుట్టుతో, తక్కువ మాట్లాడే మనిషి. ఆఫీసరుగారు పక్కనే. వెనకాల గోడకి ఆనుకుని నేను, ఇస్త్రీ చొక్కాలో.

"అదిగో సార్, మన చిహ్నం" అని ఆఫీసరుగారు చెయ్యి చాపారు.

నేనూ అప్పుడే మొదటిసారి పైనుంచి చూశాను. పచ్చటి పచ్చిక మీద పచ్చటి మొక్కలు. మూడు పావులు ఎక్కడున్నాయో కనపడలేదు. పచ్చలో పచ్చ కలిసిపోయింది. తూర్పున మాత్రం, అప్ప కోసిన పావు, ముగ్గుపిండితో గీసినట్టు తెల్లగా, వంపు తిరిగి, స్పష్టంగా ఉంది. మూడువారాల్లో అక్కడక్కడ రెండు పచ్చచిగుళ్లు లేచినా తెల్లదనం చెదరలేదు.

చైర్మన్‌గారు కాఫీ ఒక గుక్క తాగారు. "మన చిహ్నం చక్రం కదా? నెలవంక ఎప్పుడైంది?"

ఎవరూ నవ్వలేదు. నవ్వాలో లేదో ఆఫీసరుగారి మొహం చూసి తెలుసుకోవాలి, ఆయన మొహం ఆ సమయంలో పనిచెయ్యడం లేదు.

"ఆ తెల్ల ముక్క చక్కగా పెంచారు. ఎవరు పెంచారు? మిగతాది ఎవరు పాడుచేశారు?" అని అడిగారు చైర్మన్‌గారు.

ఆఫీసరుగారికి ప్రాణం లేచొచ్చింది. ఇంత సుఖమైన ప్రశ్నకి జవాబు ఆయన ఫైల్లోనే ఉంది. "ఆ ముక్క మా సూపర్‌వైజరు దగ్గరుండి చేయించాడు సార్. మిగతాది ఒక మస్టరు కూలీ నిర్లక్ష్యం. అప్పుడే మెమో ఇచ్చి చర్య కూడా తీసుకున్నాం."

చైర్మన్‌గారు నా వైపు తిరిగి చెయ్యి చాచారు. "మంచి పని."

ఇక్కడ ఆగండి. మీలో ఎవరికైనా ఉద్యోగ జీవితంలో ధైర్యం ఎప్పుడు అవసరమవుతుందనే సందేహం ఉంటే, అది యుద్ధంలా ముందే బాకా ఊది రాదు. కాఫీ వాసనలో, ఒక పెద్దాయన చాచిన చేతిలో, రెండు క్షణాలు ఉండి పోతుంది. ఆ రెండు క్షణాల్లో నేను అన్నది ఒకటే మాట. "థాంక్యూ సార్."

ఆ చెయ్యి మెత్తగా ఉంది. ఇప్పటికీ గుర్తుంది.

అంత సిగ్గులేనివాణ్ణి కూడా కాదు లెండి. చైర్మన్‌గారి కారు గేటు దాటగానే ఆఫీసరుగారి గదికి వెళ్లాను.

"సార్, ఆ మెమో తప్పు. ఆమె చేసిందే సరైన పని. మిగతా మూడు పావులు నా యూరియా వల్లే పోయాయి."

ఆయన కోప్పడలేదు. అదే వచ్చిన చిక్కు. తెల్లకాగితం ఒకటి నా ముందుకి జరిపి, తన పెన్ను మూత తీసి దాని మీద పెట్టారు.

"చాలా నిజాయితీపరుడివయ్యా. ఈ మాటే కాగితం మీద రాసివ్వు. నాకు పని తెలియక, పని తెలిసిన మనిషికి మెమో ఇచ్చానని రాయి. నీ కన్ఫర్మేషన్ ఫైలు కూడా ఇక్కడే ఉంది. రెండూ కలిపి పైకి పంపించేస్తాను."

నేను పెన్ను వైపు చూశాను. ఇంటి దగ్గర చెల్లెలి చదువు, నాన్నకి రాసిన కార్డు, అన్నీ ఆ పెన్ను మీదే కూర్చున్నాయి.

"రేపు రాసిస్తాను సార్" అన్నాను.

"తొందరేం లేదు" అన్నారాయన. నాలాంటివాళ్లని ఆయన చాలామందిని చూసి ఉంటారు.

ఆ రేపు రావడానికి నలభై రోజులు పట్టింది. నా కన్ఫర్మేషన్ ఆర్డరు చేతికొచ్చిన మర్నాడు, గుమాస్తా బావ చెప్పిన ఆ వెన్నెముక కూడా అందినట్టుంది, నిటారుగా కూర్చుని రెండు పేజీలు రాశాను. ఒక్క అబద్ధం లేదు. తీసుకెళ్లి ఇచ్చాను. ఆఫీసరుగారు మొత్తం చదివి, "చాలా బాగా రాశావయ్యా. జాబితా మొన్న వెళ్లిపోయింది" అని నా కాగితాన్ని ఫైల్లో పెట్టి తాడు కట్టారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. అవి కూడా మచ్చల ఆకులే.

ఇప్పుడు మీకు పనికొచ్చే నాలుగు ముక్కలు. ఆ మొక్కని మీరు పెంచదలిస్తే పొద్దుటి ఎండ తగిలేచోట, మధ్యాహ్నపు ఎండ తగలనిచోట పెట్టండి. యూరియా చూపించకండి. పెంటపోగు ఎరువు ఒక గుప్పెడు చాలు. ఆకుల మీద ధూళి పడితే నీళ్లతో కడగండి. పూర్తి పచ్చచిగురు కనపడితే దాన్ని మొదలంటా కొయ్యండి, పైపైన తుంచితే రెండు లేస్తాయి. ఎంత బాగా చూసినా అది నెమ్మదిగానే పెరుగుతుంది. సగం ఆకుతో బతికేది అంతకంటే ఏం చేస్తుంది? నా తర్వాత వచ్చినవాళ్లకి ఇదంతా నేనే కనిపెట్టినట్టు ముప్పయ్యేళ్లు చెప్పాను. శిక్షణ తరగతుల్లో బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెప్పాను. కేళీ అన్న మాట వాడాను కానీ ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఎప్పుడూ చెప్పలేదు.

అప్పకి పర్మినెంటు కాలేదు. చాలా ఏళ్లకి రెండో జాబితా వేశారు. దానికి నేను నెత్తిన పెట్టుకుని సిఫారసు రాశాను, అప్పటికి నాకు ఏమీ పోయేది లేదు కదా. వయసు దాటిపోయిందని కౌంటరు దగ్గరే పంపేశారు. కాగితాలు చూడను కూడా లేదు. గెస్ట్‌హౌస్ చక్రాన్ని మాత్రం మళ్లీ ఆవిడకే అప్పగించాను. రెండేళ్లలో నాలుగు పావులూ తెల్లబడ్డాయి. ఫ్యాక్టరీకి వచ్చిన పెద్దలందరూ పైవరండాలో నిలబడి చూసి మెచ్చుకున్నారు. అప్పటికీ కింద ఎవరున్నారని ఎవరూ అడగలేదు.

చెప్పకుండా దాటేద్దామనుకున్న సంగతి ఒకటి మిగిలింది.

మొదటి జాబితా నోటీసు బోర్డు మీద అంటించిన రోజు మధ్యాహ్నం. నేను నర్సరీ షెడ్డులో ఒక్కణ్ణే ఉన్నాను. అప్ప వచ్చింది. గోడవార కలుపు తీసి, చేతులు కడుక్కుని వచ్చినట్టుంది, మోచేతుల దాకా తడి. నైలాన్ సంచిలోంచి పాలిథీన్ కవరు తీసి, అందులోంచి నాలుగు మడతల కాగితం తీసి, బల్ల మీద జాగ్రత్తగా విప్పింది. నా మెమో. కింద నా సంతకం, పక్కనే ఆవిడ వేలిముద్ర.

"బాబూ, లిస్టులో నా పేరు నేదంతన్నారు. పర్మినెంటు కాయితం నా దగ్గరున్నాది కదా. నువ్వు రాసిందే గదా ఇది?"

నాకు మొదట అర్థం కాలేదు. అలా అని ఎవరు చెప్పారని అడిగితే సంగతి బయటపడింది. వేలిముద్ర వేయించుకునేటప్పుడు ఇది పర్మినెంటు కాగితమేనా అని ఆవిడ అడిగిందట. ఏడుస్తుందని భయపడి మా బావ ఆఁ ఆఁ అనేశాడట. ఆ రోజు క్యాంటీన్లో అతను చెప్పబోయి మింగింది అదే. ఆవిడ ఆ కాగితాన్ని రెండు నెలలుగా పాలిథీన్ కవర్లో దాచుకుంది.

"నాకు సదువు రాదు. ఏటి రాసేవో ఒక్కపాలి సదివి ఇనిపించు బాబూ."

చదవడం మొదలుపెట్టాను. కాగితం మీద "ఉద్దేశపూర్వకంగా" అని ఉంది. నా నోరు "ఈమె పని మిక్కిలి సంతృప్తికరం" అంది. కాగితం మీద "ఆస్తికి నష్టం" అని ఉంది. నా నోరు "మొక్కల గురించి ఈమెకున్న జ్ఞానం మాలో ఎవరికీ లేదు" అంది. కాగితం ఎంత పొడుగుందో అంత పొడుగూ, అక్షరాల వెంట వేలు జరుపుతూ, నేను రాయాల్సిందంతా చదివాను. ఆ మనిషి గురించి నేను నిజం పలికింది ఆ ఒక్క అబద్ధంలోనే.

ఆవిడ తల వంచుకుని విన్నది.

"ఇంత మంచిగా రాత్తే, మరి నా పేరెందుకు రానేదు బాబూ?"

"తెలీదప్పా" అన్నాను.

ఆవిడ నా మొహం వైపు చూసింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయని కాబోలు, నన్నే ఓదార్చడం మొదలెట్టింది. "పోన్లే, నువ్వేటి సేత్తావు. నీ సేతిలో ఉన్నంతా నువ్వు రాసేవు. పైనోళ్లు ఒగ్గీసేరు."

"ఆ కాగితం ఇలా ఇయ్యప్పా. కొత్తది రాసిస్తాను" అని చెయ్యి చాచాను.

ఆవిడ దాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టి, కవర్లో వేసి, సంచిలో అడుక్కి తోసింది.

"కొత్తదెందుకు బాబూ? నీ సంతకమున్నాది, నా ఏలిముద్రున్నాది. మళ్లీ లిస్టేసినప్పుడు ఇదే సూపిత్తాను."